సూరత్‌లో ఇంటి స్థలం, ఇంపాక్ట్ ఫీజు
సూరత్‌లో ఇంటి స్థలాన్ని ఎలా వాడాలో తేల్చే నియమాలకు మూడు అంచెలున్నాయి. 1976 నాటి గుజరాత్ పట్టణ ప్రణాళిక చట్టం కింద సూరత్ పట్టణాభివృద్ధి సంస్థ ‘సుడా’ అభివృద్ధి ప్రణాళిక గీసి, ఏ ప్రాంతం నివాసానికో, ఏది పరిశ్రమకో నిర్ణయిస్తుంది. టౌన్ ప్లానింగ్ స్కీము ఆ ప్రాంతపు భూములన్నీ ఒకచోట కలిపి, రోడ్లకూ పార్కులకూ బడులకూ వాటా తీసి, మిగిలిన నేలను ప్లాట్లుగా యజమానులకే తిరిగిస్తుంది. ఆ ప్లాటులో ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో, చుట్టూ ఎంత ఖాళీ వదలాలో రాష్ట్రమంతటికీ వర్తించే 2017 ఉమ్మడి నిర్మాణ నియమావళి చెబుతుంది. నియమాలు పక్కాగానే ఉన్నాయి. గండి పడేది క్రమబద్ధీకరణ దగ్గరే, అంటే ‘ఇంపాక్ట్ ఫీజు’ అనే రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాన్ని సక్రమం చేయడం దగ్గరే. సర్థానాలో నివాసాలకు అనుమతించిన స్థలంలో అక్రమంగా లేచిన తక్షశిల వాణిజ్య సముదాయానికి ఇంపాక్ట్ ఫీజుతో ఆమోదం దక్కింది. ఆపై మేడ మీద మరో షెడ్డు వెలిసింది. అందులో కప్పు ఎత్తు చాలక, కోచింగ్ తరగతుల పిల్లల్ని కుర్చీలకు బదులు టైర్ల మీద కూర్చోబెట్టారు. 2019 మే 24న మంటలు లేచి 22 మంది బలయ్యారు. అయినా 2022లో గుజరాత్ మళ్లీ ఇంపాక్ట్ ఫీజు చట్టం తెచ్చింది. తెలుగు రాష్ట్రాలదీ ఇదే బాట. నిజమే, ఇళ్ల మధ్య బతుకుతెరువుకూ చోటు కావాలి. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నాల్లో చాలామంది తెలుగు పద్మశాలీల బతుకు మరమగ్గాల చుట్టూనే తిరుగుతుంది. అలాంటి చిన్న జీవనోపాధికి నియమావళిలోనే ముందుగా చోటివ్వడం న్యాయం. మెట్లదారి, ఖాళీ జాగా, అగ్నిమాపక ఏర్పాట్లకు మాత్రం ఏ రుసుమూ బదులు కాకూడదు.