నిలిచియున్న ట్రాక్టరు – బ్యాటరీ పోషణ

ఏరువాక దినములలో మన గ్రామములందు ఏటేట కనబడుచున్న వ్యవహారమొకటి కలదు. తొలకరి వాన కురిసినంతనే రైతు పాక తలుపు తెరచి, ట్రాక్టరెక్కి, తాళపుచెవి త్రిప్పును. సెల్ఫు ‘టక్కు’ మని ఊరకుండును. అంతట నలుగురిని పిలిచి బండిని గట్టుమీదినుండి దొర్లించుట, పొరుగువాని బ్యాటరీనుండి తీగెలు తగిలించుట, తుదకు పట్టణమునకు పోయి క్రొత్త బ్యాటరీ కొనితెచ్చుట. వేలకొలది రూపాయలతోపాటు రెండు మూడు దినముల పదనుకూడ పోవును. రూపాయలు మరల సంపాదింపవచ్చును. ఆ పదను రాదు.

బ్యాటరీ నాసిరకమనియు, అమ్మినవాడు మోసగించెననియు రైతులు చెప్పుదురు. అట్టివియు కొన్ని ఉండవచ్చును. కాని మేము చూచినంతవరకు పెక్కు బ్యాటరీలు పనిచేసి చెడినవి కావు, పనిలేక చెడినవి. వేసవిలో దుక్కి లేదుగదా యని ఎద్దులకు మేత మానిపించు రైతును మేమెరుగము. బ్యాటరీ విషయమున మాత్రము ఆ బుద్ధి కలుగుటలేదు. దాళ్వా కోత ముగిసినది మొదలు మృగశిర కార్తె వరకు దానివంక చూచువారే లేరు.

ఈ బ్యాటరీలో సీసపు పలకలును, నీరు కలిపిన గంధకామ్లమును ఉండును. తీగె తగిలింపకున్నను అందలి శక్తి తనంత తాను తరుగుచునే యుండును. వేడిమి పది డిగ్రీలు హెచ్చినచో ఈ తరుగుదల సుమారు రెట్టింపగును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల మే నెల ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. రేకుల పాకలో నుంచిన బ్యాటరీ గతి చెప్పనేల? శక్తి తరిగినకొలది పలకలపై తెల్లని పదార్థము పేరుకొనును. అది క్రొత్తదిగా నున్నప్పుడు చార్జి చేసిన కరగిపోవును. వారములు గడచినచో పలుకులు కట్టి గట్టిపడును. ఆపైన ఎంత చార్జి పెట్టినను బ్యాటరీ పూర్వపు బలమునకు రాదు.

ఇది చాలదన్నట్లు ఇప్పుడు ట్రాక్టర్లకు పాటల పెట్టెలు తగిలించుచున్నారు. పాటలపై మాకు ద్వేషము లేదు. అయితే ఆపివేసిన పెట్టె సయితము కొంత కరెంటు త్రాగునదైనచో, అది ఆంపియరులో ఇరువదవ వంతే యనుకొన్నను, నెలకు 36 ఆంపియర్-గంటలగును. 88 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది అయిదింట రెండు వంతులు!

వారమునకొకమారు ఇంజను అయిదు నిమిషములు నడిపిన చాలునని పలువురి నమ్మకము. దీనిని మేము అంగీకరింపజాలము. సెల్ఫునకు ఖర్చయినది ఆ అయిదు నిమిషములలో తిరిగి వచ్చిన రావచ్చును గాని, వారము దినములలో తరిగినది నిండదు. ఇంజను సరిగా వేడెక్కకయే ఆగుటచే ఆయిలులో తేమ చేరును, డీజిలు వృథాయగును. నడుపదలచినచో బండిని బాటపై ఒక గంట నడుపుడు. లేదా ఎర్తు తీగె విప్పివేయుడు. దీనికి ఒక స్పానరుతప్ప ఖర్చులేదు. విప్పునపుడు ఎర్తు తీగెను మొదట విప్పి, బిగించునపుడు దానిని కడపట బిగింపవలెను.

తీగె విప్పినను తనంత తానుగా తరుగునది ఆగదు గావున నెలకొకమారు మీటరు పెట్టి చూడవలెను. కొన్ని గంటలు విశ్రమించిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిన నిండుగా నున్నట్లు; 12.4కు దిగిన చార్జికి పంపవలెను. 12 చూపినచో దాదాపు ఖాళీయే. మూతలు గల రకమైనచో పలకలు మునుగునట్లు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయుడు. బోరునీరు గాని, ఆసిడు గాని పోయరాదు. సిమెంటు నేలమీద పెట్టిన దిగిపోవునను మాట ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకు వర్తింపదు.

మా ముఖ్యమైన మనవి సంఘముల పాలకవర్గములకు. ప్రతి సభ్యుడును చార్జరు కొనుట దండుగ. సంఘము ఒక మంచి చార్జరును, ఒక మీటరును, ఒక హైడ్రోమీటరును కొని యుంచినచో ఊరంతటికి చాలును. 88 ఆంపియర్-గంటల బ్యాటరీని దానిలో పదవ వంతు, అనగా సుమారు 9 ఆంపియర్ల చొప్పున, నింపవలెను. పూర్తిగా ఖాళీయైన దానికి ఒక రాత్రి పట్టును. అయ్యెడి కరెంటు ఇంచుమించు ఒకటిన్నర యూనిట్లు! నిండినపుడు తానుగా ఆగు చార్జరైన మరియు మేలు. చార్జి వేళ మండెడి వాయువు వెలువడును గావున ఎరువుల గోదాములో పెట్టక గాలియాడు వసారాలో పెట్టవలెను. దాపున చుట్ట, బీడీ కాల్చనీయరాదు.

లెక్కలెవరు వ్రాయుదురు, ఇరువది కిలోలకు మించిన బరువు ఎవరు మోయుదురు అని కార్యదర్శులు అడుగుదురని ఎరుగుదుము. ఎరువుల బస్తాలకు వచ్చు బండిమీదనే బ్యాటరీయు రావచ్చును. అరువు పద్దులు వ్రాయు గుమాస్తాకు వేసవిలో నెలకు కొలది పేర్లు వ్రాయుట భారము కాదు. కరెంటు ఖర్చునకు కొంచెము చేర్చి రుసుము పెట్టినచో చార్జరు వెల క్రమముగా తీరిపోవును. క్రొత్త బ్యాటరీలకై సభ్యులు చేయు అప్పును తగ్గింపదలచిన సంఘములు దాళ్వా కోతలకు ముందే ఈ ఏర్పాటు చేసికొని, ఏ వీధివారు ఏ వారమున తేవలెనో నోటీసు బల్లపై వ్రాయించవలెను.