కిలోమీటర్లు చెప్పని గంటలు

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరమని వెతికితే సుమారు 12,400 కిలోమీటర్లని వస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిచిన లెక్క అది. తప్పు కాదు గానీ, ప్రయాణం చేసేవాడికి అక్కరకొచ్చేదీ కాదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా పంపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. చుట్టు పెరిగినా విమానం పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది, అంటే మునుపటికన్నా దాదాపు రెండు గంటలు ముందు. పడమటి నుంచి తూర్పుకు బలంగా వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనక నుంచి తోసింది మరి. ఎదురుగాలిలో దగ్గరి దారికన్నా వాలుగాలిలో చుట్టుదారి మేలని తెరచాప పడవ నడిపినవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

గాలికన్నా మొండిది దౌత్యం. ఉక్రెయిన్ యుద్ధంతో 2022లో రష్యా గగనతలం ఐరోపా విమానాలకు మూతపడగానే హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం పదమూడు గంటలకు పాకింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ మన విమానాలకు ఆకాశం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా తిరగాల్సి వచ్చింది. అమెరికా వెళ్లేవి కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఆగాయి. ఊళ్ల మధ్య దూరం అంగుళమైనా పెరగలేదు.

అప్పుడు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక మంచి పని చేసింది. మారిన దారి, పెరిగే సమయం, మధ్యలో ఆగే చోటు ప్రయాణికులకు ముందే చెప్పాలని విమాన సంస్థలను ఆదేశించింది. అయితే ఆ చెప్పడం ముఖ్యంగా చెక్-ఇన్ దగ్గరా బోర్డింగ్ గేటు దగ్గరా. అప్పటికి డబ్బు కట్టేసి, సెలవు పెట్టేసి, పచ్చళ్లు కూడా మూటగట్టేసి ఉంటారు. ఆ మాట టికెట్ అమ్మే తెర మీదే, ధర పక్కనే ఉండాలి.

బయల్దేరే వేళ, చేరే వేళ టికెట్ మీద ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, స్థానిక కాలమానంలో. పసిఫిక్ దారిలో వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే అదే తేదీ ఉదయం 6 గంటలకు దిగినట్టు కనిపిస్తుంది. పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు అందులోంచి పద్నాలుగున్నర గంటలు ఎలా తీయగలరు? షుగరు మాత్రల వేళలు లెక్కేసుకోవాల్సింది ఆ గంటలతోనే. గాలిని ముందుగా ఎవరు చెప్పగలరన్న అభ్యంతరంలో కొంత న్యాయముంది. కానీ మూసిన ఆకాశం గాలి కాదు. ఎప్పటివరకు మూతో తేదీతో సహా పైలట్లకు నోటమ్ అనే అధికారిక నోటీసు వస్తుంది, ఏ ఊళ్లో ఇంధనం నింపాలో సంస్థ ముందే నిర్ణయించుకుంటుంది. గంటల్లో కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు; ఆగే ఊరి పేరు రాయడానికి మాత్రం వాతావరణ సూచన అక్కర్లేదు.