అస్లీ క్రాంకా, బయటి క్రాంకా? ముందు మంచి ఉస్తాద్‌ను వెతకండి

మన ఇళ్లల్లో చాలాచోట్ల అబ్బాజాన్ వాడిన పాత బుల్లెట్ ఒకటి దుమ్ము పట్టి ఉంటుంది. కొడుక్కి నౌకరీ దొరికి నాలుగు పైసలు చేతికి రాగానే దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలనే షౌక్ పుడుతుంది. మంచి షౌకే. కానీ ఇంజన్ దింపాక అసలు సవాల్ ముందుకొస్తుంది. లోపలున్న కంపెనీ క్రాంక్‌నే బాగు చేయించాలా, బజార్లో దొరికే కొత్తది వేయించాలా? వీడియోలు చూసిన నౌజవాన్లు కొత్తదాని వైపే మొగ్గుతారు. నా రాయ్ సాఫ్‌గా చెబుతున్నా: రోజూ తిరిగే బండికి పగుళ్లు లేని కంపెనీ క్రాంకే మేలు. మిగిలే పైసలు దాన్ని జోడించే కారీగర్ చేతిలో పెట్టండి.

పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350 బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. దాని క్రాంక్ ఒకే ముక్క కాదు. రెండు బరువైన ఫ్లైవీళ్లు, వాటిని కలిపే క్రాంక్ పిన్ను, ఆ పిన్నుకి తగిలించిన కనెక్టింగ్ రాడ్. ఆ బరువే బుల్లెట్‌కి జాన్. ట్రాఫిక్‌లో మెల్లగా పోయినా ఇంజన్ ఆగకుండా లాగేది ఆ బరువే. ఫ్లైవీళ్లు తేలిక చేస్తే ఇంజన్ గబుక్కున లేస్తుంది, నిజమే. కానీ తక్కువ స్పీడులో కుదుపులు మొదలవుతాయి.

మరి మజ్బూత్ క్రాంక్ ఎవరికి కావాలి? రేసుకి తయారు చేసేవాళ్లకి. హిసాబ్ చూడండి. ఇంజన్‌ను 5000 ఆర్‌పీఎం నుంచి 6000కి తీసుకెళ్తే తిరుగుడు పెరిగేది 20 శాతమే. పిస్టన్ పైకీ కిందికీ ఊగడం వల్ల రాడ్ మీద, పిన్ను మీద పడే జోరు మాత్రం 44 శాతం పెరుగుతుంది. అలాంటి ఇంజన్‌కి గట్టి క్రాంక్ జరూరత్, ఫజూల్ ఖర్చు కాదు. అమ్మీని దవాఖానాకి తీసుకెళ్లే బండికి ఆ అవసరం ఎక్కడిది?

ఒక్క మార్పుని మాత్రం నేను ఇన్‌కార్ చేయను. పాత బుల్లెట్లలో బిగ్ ఎండ్‌కి ఫ్లోటింగ్ బుష్ ఉండేది. దానికి నూనె ధార సరిగా అందాలి. దాని బదులు రోలర్ బేరింగ్ వేస్తే నూనె కాస్త తక్కువైనా తట్టుకుంటుంది. ఇది అక్కరకొచ్చే మార్పు. అయినా క్రాంక్‌లోని ఆయిల్ దారి మడ్డితో పూడిపోయి ఉంటే ఏ బేరింగూ బతకదు. ఆ దారి శుభ్రం చేయకుండా కొత్త సామాను వేయడం మురికి ట్యాంకులో మంచినీళ్లు పోయడమే.

ఫ్లైవీలు పగిలినా, పిన్ను కూర్చునే రంధ్రం వదులైనా అప్పుడు జిద్దు వద్దు, మార్చాల్సిందే. కానీ బయటి సామాను అంతా ఒకటి కాదు. పేరున్న కంపెనీ బిల్లుతో ఇచ్చే సామాను వేరు, అస్లీ డబ్బా నకలు కొట్టి అమ్మే నఖ్లీ వేరు. పిన్ను ఎంత గట్టిదో కంటికి కనబడదు. ధర చూసి మురిసిపోతే రోడ్డు మీద తెలుస్తుంది. బిగ్ ఎండ్ పట్టేస్తే క్లచ్ నొక్కేలోపే వెనక చక్రం బిగుసుకుపోతుంది. వెనక సీటు మీద బీవీ, బచ్చాలు ఉంటారు. ఇది షౌక్ ముచ్చట కాదు, జాన్ ముచ్చట.

ఇప్పుడు అసలు బాధ. విజయవాడ ఆటోనగర్ అయినా, హైదరాబాద్ గల్లీ అయినా మనం సామాను రేటు దగ్గర నోరెత్తం, మెహనతానా దగ్గర మాత్రం గీచిగీచి బేరమాడతాం. రెండు ఫ్లైవీళ్లను ఒకే వరసలో నిలపడానికి ఉస్తాద్ డయల్ గేజ్ పెట్టి, రాగి సుత్తితో తట్టి, మళ్లీ చూసి, మళ్లీ తట్టి గంటలు గడుపుతాడు. వెంట్రుక మందమంత తేడా మిగిలినా బేరింగులకు చేటే. ఆ గంటలకు మనం పైసలివ్వకపోతే ఆయన షాగిర్ద్ ఎందుకు నేర్చుకుంటాడు? డబ్బా విప్పి బిగించే పనే సుఖమనుకుంటాడు. అలా హునర్ పోతుంది. కొత్త క్రాంక్ కొన్నా దాన్ని కొలిచి బిగించేవాడు ఉండడు.

అందుకే ఫైసలాకి ముందు మూడు సవాళ్లు అడగండి. పాత క్రాంక్‌ని కొలిచారా, చూసి చెప్పేశారా? ఆయిల్ దారి విప్పి కడిగారా? పిస్టన్ బరువు మారితే బ్యాలెన్స్ మళ్లీ చూస్తారా? మూడింటికీ జవాబు మీ కళ్ల ముందు గేజ్ పెట్టి చూపించే ఉస్తాద్ దొరికితే ఆయన అడిగినంత ఇవ్వండి. క్రాంక్ సంగతి ఆయనే చూసుకుంటాడు.