గుట్టకో బల్లి

ఎండాకాలం సెలవుల్లో తొండలు పట్టడం మాకో పని. కొబ్బరి ఈనె పచ్చిది చీల్చుకుని, కొసను మెలితిప్పి జారుముడి వేసేవాళ్లం. కంప మీద కూర్చున్న తొండ మనిషిని చూస్తే పరుగు తీస్తుంది కానీ ఈనెపుల్లను లెక్కచేయదు. అది నెమ్మదిగా తల దగ్గరికి వస్తుంటే, ఇదేం పురుగు అన్నట్టు ఒక కన్ను తిప్పి చూస్తుంది. ఉచ్చు మెడ దాటాక ఒక్క గుంజు, అంతే. ఆ తర్వాత దాని తోకకు దారం కట్టి వీధంతా తిప్పేవాళ్లం. పెద్దవాళ్ల కంటపడిన రోజు మాత్రం తొండ బతికిపోయేది, మా వీపులు పగిలేవి.

ఆ ఉచ్చుకు చదువుకున్నవాళ్లలో పెద్ద పీట ఉందని చాలా ఏళ్లకు తెలిసింది. బల్లుల మీద, తొండల మీద పరిశోధన చేసేవాళ్లు ప్రపంచమంతటా వాటిని పట్టేది ఇలాగే. గాలపు కర్రలాంటిది ఒకటి, దాని కొసన దారంతో జారుముడి. పట్టి, కొలిచి, తూచి, గుర్తు పెట్టి, ఏ బండ మీద పట్టారో మళ్లీ ఆ బండ మీదే వదిలేస్తారు. మేం చెయ్యనిది ఆ చివరి పనే.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బండల మీద అలా ఎండలో పడి తిరిగినవాళ్లలో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పరిశోధకులున్నారు. వాళ్లకు కావలసింది బండల మీద బతికే తొండ. లాటిన్ పేరు సామోఫిలస్ డార్సాలిస్. మనం దాన్ని బండతొండ అనుకుందాం. ఆడది రాతి రంగులో రాయిలా పడి ఉంటుంది. మగది మాత్రం జత కట్టే కాలం వచ్చిందంటే బండ నెత్తికెక్కి కూర్చుంటుంది, ఊరికి పెళ్లికొడుకులా. దాని రంగులు ఒంటికి పూసినట్టు శాశ్వతంగా ఉండేవి కావు, సెకన్లలో మారిపోతాయి. ఎదట ఆడది ఉంటే వీపు ఎరుపెక్కి పక్కలు నల్లబడతాయి. ఎదట ఇంకో మగది ఉంటే వీపు పసుపు, పక్కలు నారింజ. అదే సంస్థలో అనురాధా బతబ్యాల్, మరియా ఠాకర్ దీన్ని జాగ్రత్తగా కొలిచి 2017లో చెప్పిన మాట నాకు భలే నచ్చింది. ఆడదాని ముందు రంగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట. పోటీదారు ముందు అంత కొట్టొచ్చినట్టు ఉండకపోయినా త్వరగా మారతాయట. సొగసుకు తీరిక కావాలి, తగాదాకు తొందర కావాలి. బండతొండకైనా అంతే మరి.

ఆ ఇద్దరే 2019లో ఇంకో సంగతి బయటపెట్టారు. బెంగళూరు శివార్లలో ఇళ్ల మధ్య పెరిగిన బండతొండల్ని, పల్లె బయట పెరిగినవాటిని తెచ్చి రెండేసి దాక్కునే చోట్లు చూపించారు. ఒకటి నిజంగా కాపాడేది, ఇంకోటి కాపాడనిది. ఏది నమ్మదగిందో శివార్ల తొండలు ముందు నేర్చుకున్నాయి, తప్పులూ తక్కువ చేశాయి. కుక్కలు, పిల్లులు, బళ్లు, నాలాంటి పిల్లవెధవలు, ఇన్నిటి మధ్య బతికిన తొండకు ఆ మాత్రం తెలివి రాకపోతే ఎలా!

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటాం. పాపం రెండూ వేరు వేరు కుటుంబాలు, ఎంత ముదిరినా ఇది అది కాదు. అసలు మన పెరట్లో తొండే ఒకటి కాదని ఈమధ్య తేలింది. కాలోటిస్ వెర్సికలర్ అని దేశమంతా ఒకే పేరుతో పిలిచిన జీవిని 2021లో పరిశోధకులు విడదీసి చూస్తే అందులో కనీసం నాలుగు జాతులున్నాయి. పాత పేరు మన దక్షిణాది దానికి మిగిలింది. కంచె మీద రోజూ తలాడించే ప్రాణి సంగతే ఇలా ఉంటే, మనుషులు తొక్కని గుట్టల్లో ఉన్నవాటి సంగతి ఎవరికెరుక.

ఆ గుట్టల దగ్గరికే వస్తున్నాను.

కిందటి చలికాలం పాలమూరు వైపు ఒక గుట్టకు ఇద్దరు విద్యార్థుల వెంట నేనూ రాత్రి వెళ్లాను. తలకు లైట్లు కట్టుకుని, సందు సందులోకి వంగి చూస్తూ నడవడమే పని. గంట గడిచినా తేళ్లు తప్ప ఏమీ కనబడలేదు. కింద మంద కాపలా ఉన్న ముసలాయన మా వెలుగులు చూసి పైకొచ్చాడు.

"రాత్రిపూట బ్యాటరీలు పట్టుకోని ఏం దేవులాడుతున్రు సారూ, లంకెబిందెలా?"

"బల్లులు తాతా."

"మీ ఇంట్ల లెవ్వా?"

నవ్వి ఊరుకున్నాం కానీ, ఆయన అడిగిందే అసలు ప్రశ్న. ఇంట్లో ఉన్నదీ గుట్టలో ఉన్నదీ ఒకటేనా? ఇంకో అరగంటకు ఒక పెద్ద గుండు అడుగున, అరచేయి దూరని నెర్రెలో, తల కిందులుగా ఒకటి కనిపించింది. ఇంటి బల్లి కంటే బలిష్ఠం, వీపంతా చిన్న చిన్న బుడిపెలు. లైటు పడగానే కనుపాప నిలువు గీతలా సన్నబడింది. రెప్పలు లేవు కదా, నాలుక చాపి కన్ను తుడుచుకుంది, ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత వేళ్ల కొసలు కొద్దిగా పైకి విరిచి, రాతి మీంచి అడుగు ఊడదీసి, లోపలికి జరిగిపోయింది.

ఆ వేళ్ల కిందే ఉంది దాని ఆధార్ కార్డు. బల్లి వేళ్ల అడుగున అడ్డపట్టీలుంటాయి. ఒక్కో పట్టీ నిండా కంటికి ఆనని వెంట్రుకలు, ఆ వెంట్రుకల కొసలు మళ్లీ వందలుగా చీలి ఉంటాయి. జిగురూ లేదు, పీల్చి పట్టుకోవడమూ లేదు. ఆ కొసలకూ గోడకూ మధ్య అణువుల స్థాయిలో ఉండే చిన్న ఆకర్షణ లక్షల రెట్లయి బల్లిని మోస్తుంది. కొత్త జాతిని తేల్చేవాళ్లు సూక్ష్మదర్శిని కింద ఆ పట్టీలు లెక్కపెడతారు. వీపు మీద బుడిపెల వరసలు, మగదాని తొడల కింద బారుగా ఉండే రంధ్రాలు, పెదవి పొలుసులు లెక్కపెడతారు. దానికి తోడు మైటోకాండ్రియా జన్యువులు చదువుతారు. అన్నీ కలిసి 'ఇది వేరు' అంటేనే కొత్త పేరు. ఒక్క నమూనా ముందు పెట్టుకుని రోజులు గడిపే పని అది. దీనికి ఉద్యోగాలు తక్కువ, చప్పట్లు ఇంకా తక్కువ.

అలా 2020 ఒక్క ఏడాదిలోనే మన నేల మీంచి ఎన్ని పేర్లు వచ్చాయో చూడండి. తెలంగాణ పీఠభూమి బండల నుంచి హెమిడాక్టిలస్ ఫ్లావికాడస్, హెమిడాక్టిలస్ జెరికోలస్ అని రెండు. మొదటి పేరుకు అర్థం పసుపు తోక, రెండోదానికి పొడి నేలలో కాపురముండేది అని. రిషివ్యాలీ పేరే పెట్టుకున్న బల్లి ఆ సంవత్సరమే వచ్చింది. నెల్లూరు జిల్లా వెలికొండల నుంచి నీమాస్పిస్ అవసబినే అనే చిన్న బల్లి కూడా. ఇవి అప్పటికి అయిదేళ్ల కిందో పదేళ్ల కిందో పుట్టినవి కావు, లక్షల ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. మనం పలకరించింది ఇప్పుడు.

గుట్టకో బల్లి ఎందుకంటారా? మనకు గుట్ట అంటే చేల మధ్య లేచిన రాళ్లకుప్ప. నెర్రెల్లో తప్ప బతకలేని బల్లికి అది సముద్రం మధ్య దీవి. నల్లరేగడి చేను దాటి పక్క గుట్టకు పోవడం దాని చేతకాదు, దానికి అవసరమూ లేదు. అక్కడే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే పోతుంది. అలా తరాలు గడిచేకొద్దీ ఈ గుట్టదానికీ ఆ గుట్టదానికీ చుట్టరికం తెగిపోతుంది. అన్ని గుట్టలకూ అన్ని జాతులున్నాయని కాదు. కానీ ఏ గుట్టకు ఉందో వెతికితే తప్ప చెప్పలేం.

వెతకడం మొదలై నూట యాభై ఏళ్లయింది, ఆ తర్వాత చాలాకాలం ఆగిపోయింది. 1871లో ఫెర్డినాండ్ స్టోలిచ్కా అనే ఆయన భద్రాచలం దగ్గర గోదావరి లోయ నుంచి మన పెద్ద రాతిబల్లిని, హెమిడాక్టిలస్ జైగాంటియస్‌ను లోకానికి చెప్పాడు. ఉద్యోగరీత్యా ఆయన జియాలజిస్టు. చూడ్డానికి వెళ్లింది రాళ్లను, చూసింది రాళ్ల సందుల్ని కూడా. మద్రాసు అటవీశాఖలో పనిచేసిన కర్నల్ బెడ్డోమ్ అంతకు ఏడాది ముందే తిరుపతి కొండల నుంచి బంగారు బల్లిని వర్ణించాడు. ఆ తర్వాత అది శాస్త్రవేత్తల లెక్కల్లో నూరేళ్లకు పైగా గల్లంతు. 1980ల మధ్యలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు మళ్లీ కనుక్కున్నది ఎక్కడనుకున్నారు, తిరుమల కొండల్లోనే! తెలుగు దేశంలో అన్ని పాదాలు తొక్కిన కొండ ఇంకోటి ఉంటుందా? గోవిందనామాలు చెప్పుకుంటూ మనం మెట్లెక్కుతుంటే, పక్క లోయలో సెలయేటి ఒడ్డు రాతిపగుళ్లలో మెడ కింద పసుపు మెరిపిస్తూ అది ఉంది, ఎక్కడికీ పోలేదు. గుంపులు గుంపులుగా ఒకేచోట రాతికి గుడ్లు అతికించి పెట్టే బల్లి అది. దాని దగ్గరి చుట్టం ప్రపంచంలో ఒక్కటే ఉంది, అదీ శ్రీలంకలో. తర్వాత పాపికొండల్లోనూ ఒడిశాలోనూ కూడా కనిపించింది.

అలాంటిదే ఇంకోటి జయపురం నేలబల్లి. ఇదీ బెడ్డోమ్ పేరు పెట్టిందే, అదీ ఒక్క నమూనా చూసి. నూట ముప్పై ఏళ్ల పైన గడిచాక ఒడిశా దేవమాలిలోనూ, అరకు దారిలో మనందరం ఆగి ఫొటోలు దిగే గాలికొండలోనూ మళ్లీ దొరికింది. ఆకుల కింద నేల మీద తిరిగే బల్లి. మనం ఫొటోలు తీసుకునేది అటు లోయ వైపు తిరిగి కదా.

బల్లి అంటే మనకు పట్టదని కాదు, బాగానే పడుతుంది. ప్రతి పంచాంగంలోనూ గౌళిశాస్త్రానికి పేజీ కేటాయిస్తాం. కుడిభుజం మీద పడితే ఏమిటి, ఎడమ కాలి మీద పడితే ఏమిటి, మగవాళ్లకో లెక్క, ఆడవాళ్లకో లెక్క. కంచి వరదరాజస్వామి గుళ్లో బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషిని తాకినా దోషం పోతుందని మా అమ్మమ్మ నన్ను తెగ తాకేది. పేజీ మొత్తం చదివితే మన లాభనష్టాలే తప్ప బల్లి సంగతి ఒక్క ముక్క ఉండదు. పడినప్పుడు దానికి దెబ్బ తగిలిందా అని కూడా ఎవరూ అడగలేదు. ఇక సాంబార్లో బల్లి పడిందంటే ఊరంతా విషమని గగ్గోలు. మన ఇళ్లలో తిరిగే బల్లికి విషం లేదు. సాల్మొనెల్లా లాంటి సూక్ష్మక్రిములు మోసుకురావచ్చు, అందుకని పారబొయ్యాల్సిందే. కానీ పాచిపోయిన పప్పుకూ కడగని గంగాళానికీ పడాల్సిన నింద చాలాసార్లు దాని నెత్తిన పడుతుందని నా అనుమానం.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అని సామెత. ఇప్పుడది పడింది క్రషర్లో.

హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లంటారు. దాన్ని కంకర చెయ్యడానికి మనకు ఒక ఎండాకాలం చాలు. కరీంనగర్ నుంచి టాన్ బ్రౌన్, చీమకుర్తి నుంచి గెలాక్సీ, పలకలుగా కోసి ఓడలెక్కిస్తున్నాం. వ్యాపారం వద్దనేంత మూర్ఖుణ్ని కాను, నా ఇల్లు ఆకాశం మీంచి ఊడిపడలేదు. నా తగువు రెవెన్యూ రికార్డులో ఒక్క మాటతో. గుట్టను అక్కడ పోరంబోకు అని రాస్తారు, వాడుకలో ఆ మాటకు ఎవరికీ పనికిరానిదని అర్థం. అడవి కాదు గనక అటవీశాఖకు పట్టదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో బంగారు బల్లికి చోటు దొరికింది, ఎందుకంటే దానికి పేరుంది. ఇంకా పేరే పెట్టని బల్లిని ఏ షెడ్యూల్లో వెతుక్కుంటారు?

క్వారీ అనుమతి కోసం తయారైన నివేదిక ఒకటి నేను చదివాను, ఏ ఊరిదో చెప్పను. అందులో సరీసృపాల జాబితాలో నాలుగే పేర్లు: బల్లి, తొండ, ఉడుము, నాగుపాము. ఆ జాబితా రాసినాయన రాత్రిపూట గుట్టెక్కలేదని ఎవరైనా చెప్పగలరు. బహుశా పగలు కూడా ఎక్కి ఉండడు. నేనడిగేది పెద్ద కోరిక కాదు. లీజు కాగితం మీద సంతకం పడే ముందు, వానాకాలం రెండు రాత్రులు, ఎండాకాలం రెండు రాత్రులు, బల్లుల్ని ఎరిగిన ఇద్దరు పిల్లల్ని టార్చిలైట్లిచ్చి ఆ గుట్ట మీదికి పంపండి. మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాల్లో అలాంటి పిల్లలున్నారు, పని లేక పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. ఖర్చు ఒక బ్లాస్టింగ్ ఖర్చులో ఎన్నో వంతు కూడా ఉండదు. అక్కడ ఏమీ లేదని తేలితే తవ్వుకోండి. ఉందని తేలితే కనీసం ఏం పోగొడుతున్నామో తెలిసి సంతకం పెట్టండి.

నిన్న రాత్రి ఈ సంగతులన్నీ మా ఆవిడకు చెబుతున్నాను. ఆమె వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ట్యూబులైటు పక్కన మా ఇంటి బల్లి టిక్ టిక్ టిక్ మంది. ఆమె అలవాటుగా "సత్యం" అని మూడుసార్లు వేళ్లతో తట్టింది, పొయ్యి కింద గ్రానైటు బండ మీద.