బోల్టుకున్న పేరు మనిషికి లేదా?

మన వాడల్లో జీపు చప్పుడంటే ఉలిక్కిపడే ముసలోళ్లు ఇంకా ఉన్నారు. రాత్రిపూట ఆ చప్పుడైతే మగోళ్లు చేలల్లోకి పరిగెత్తిన రోజులు వాళ్లకు యాదికున్నాయి. ఒకనాడు అది దొర జీపు, ఇంకోనాడు పోలీసు జీపు. ఆ పాత జీపే ఇప్పుడు పట్నంలో డబ్బున్నోళ్లకు ముచ్చటైంది. మిలిటరీ వేలంలో వదిలించుకున్న బండ్లను కొని, వాటికి వెనకటి రూపు తెప్పించి, జనవరి 26కో, పాత బండ్ల ర్యాలీకో బయటికి తీస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్, ఫోర్డు జీపులంటే మరీ మోజు. జబల్‌పూరు మిలిటరీ ఫ్యాక్టరీలో 1999 దాకా తయారైన జోంగా బండ్లన్నా అంతే.

“వాళ్ల పైసలు, వాళ్ల సరదా. మనకేం నొప్పి?” అన్నాడు మా కార్యకర్త ఒకడు. మేమూ మొదట అట్లాగే అనుకున్నాం.

మా బడిలో చదివి, ఐటీఐ చేసిన మాదిగ పిల్లగాడొకడు పట్నంలో షెడ్డులో పని చేస్తున్నాడు. తన పేరు రాయొద్దన్నాడు, రాయం. ఒక పెద్దమనిషి తుక్కులోంచి కొన్న విల్లీస్ జీపును పదకొండు నెలలు పట్టి లేపి నిలబెట్టాడు. తుప్పు తిని జల్లెడైన అడుగు రేకు కోసేసి కొత్తది అతికాడు. ఇంజన్ బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు వేశాడు. అది 2,199 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను, 60 గుర్రాల బలం. వాల్వులు పైన హెడ్డులో కాకుండా పక్కన బ్లాకులోనే ఉంటాయి. అట్లాంటి ఇంజను వాడి ఐటీఐలో ఎవరూ చూపించలేదు. విప్పిన ప్రతి ముక్కనూ గోనెసంచి మీద వరసగా పెట్టి, బొమ్మ గీసుకుని, మళ్లీ అదే వరసలో బిగించుకుంటూ నేర్చుకున్నాడు. దొరకని బుష్షులను కొలతలిచ్చి లేత్ మీద తీయించాడు. ఇది చదువు కాదా? మేము ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద చెప్పే చదువుకు ఇది ఏమాత్రం తీసిపోదు.

ర్యాలీ రోజున పెద్దమనిషి టోపీ పెట్టుకుని స్టీరింగు ముందు కూచున్నాడు. “నా చేతుల్తో బాగు చేసుకున్నా” అని పేపరోళ్లకు చెప్పుకున్నాడు. పిల్లగాడు టూల్‌బాక్సు పట్టుకుని వెనక వచ్చే వ్యానులో కూచున్నాడు, దారిలో బండి ఆగితే దిగి లేపడానికి. వాడి కూలీలో పెద్ద భాగం ఇంకా బాకీనే.

ఈ సరదాలో ఒక సంగతి మమ్మల్ని ఆలోచింపజేసింది. యుద్ధకాలంలో ఫోర్డు కంపెనీ తను చేసిన భాగాల మీద, బోల్టు తలల మీద కూడా, తన పేరు మొదటి అక్షరం ‘ఎఫ్’ అచ్చుగుద్దింది. ఇప్పటి సరదాగాళ్లు ఆ అక్షరమున్న బోల్టుల కోసం దేశదేశాలు గాలిస్తారు. పాత రంగును పొర తర్వాత పొర గీకి, బానెట్టు మీద మొదట రాసిన మిలిటరీ నంబరు బయటపడితే పండగ చేసుకుంటారు. నిజానికి ఆ ఓపిక మెచ్చుకోవలసిందే. కానీ బోల్టు ఎవరిదో ఇంత వెతికేవాళ్లు, ఆ బండి నడిపిందెవరో, దానికి దారి వేసిందెవరో ఎంత వెతికారు?

1944 జూన్ 6న అమెరికా, బ్రిటన్ సేనలు ఫ్రాన్సులో నార్మండీ తీరాన దిగాయి. సైన్యం ముందుకు ఉరుకుతోంది, పెట్రోలు, గుండ్లు వెనకబడ్డాయి. రైలు పట్టాలు బాంబులకు ధ్వంసమైనాయి. అప్పుడు ఆగస్టు 25న ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ అని పేరుపెట్టి లారీలు నడిపారు. ఒక దారిన పోవడం, ఇంకో దారిన రావడం, రాత్రీ పగలూ లేదు. వేగం మించకుండా ఇంజనుకు పెట్టిన బిగింపును డ్రైవర్లే ఊడదీసి తోలారు. నవంబరు 16 దాకా 4 లక్షల టన్నులకు పైగా సరుకు మోశారు. ఆ డ్రైవర్లలో నూటికి 75 మంది నల్లవాళ్లు. తుపాకీ పట్టే పనికి వీళ్లను చాలావరకు దూరం పెట్టి బరువులు మోసే పని ఇచ్చిన సైన్యం అది. వీళ్లకు వేరే దళాలు, వేరే బస. మన ఊరు-వాడ లాగానే. 1948 జులై 26న ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చాకగానీ ఆ ఎడం తీసెయ్యమన్న మాట రాలేదు. అప్పటి జీఎంసీ లారీలను ఇప్పుడు ఏటా జూన్‌లో నార్మండీ రోడ్ల మీద మెరిపిస్తూ తిప్పుతారు. నడిపినవాళ్ల సంగతి మాత్రం అక్కడా చాలా ఏళ్లు మరుగునే పడివుంది.

అంతదూరం ఎందుకు, మన అస్సాంలోని లెడో నుంచి బర్మా మీదుగా చైనాలోని కున్మింగు దాకా పోయే దారి చూడండి. కొత్తగా అడవి నరికి, కొండ తొలిచి వేసిన ముక్కను పాత బర్మా రోడ్డుకు కలిపారు. మొత్తం 1,079 మైళ్లు. పని చేసిన సుమారు 15 వేల మంది అమెరికా సైనికుల్లో నూటికి 60 మంది నల్లవాళ్లే. వాళ్లతోపాటు సుమారు 35 వేల మంది స్థానిక కూలీలు. 1945 జనవరి 12న లెడోలో బయల్దేరిన తొలి వరస, 113 బండ్లు, ఫిబ్రవరి 4న కున్మింగు చేరింది. ఆ బండ్ల లెక్క ఒకటి తక్కువా ఎక్కువా లేకుండా ఉంది. కూలీలది మాత్రం ‘సుమారు’.

మన సైన్యం కథా ఇదే దారి. అవసరమున్నప్పుడు 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు, యుద్ధం ముగిశాక 1946లో ఎత్తేశారు. మహార్ రెజిమెంటు 1941లో లేచి నిలబడిందంటే దాని వెనక అంబేద్కర్ పట్టుదల ఉంది.

“కూలీ ఇస్తున్నాం కదా, పేరెందుకు?” అంటారు. ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు రాస్తున్నామా అని వాదిస్తారు. రాయకపోవడం కూడా తప్పే అంటాం మేము. పైగా ఇక్కడ ఇస్తామన్న కూలీ కూడా ఇవ్వలేదు. ఈ సరదా మానమని మేము అనడం లేదు. పాత ఇనుము మళ్లీ నడిస్తే మాకూ సంతోషమే. ర్యాలీలో బండి ముందు పెట్టే బోర్డు మీద బండి పుట్టిన ఏడు, ఓనరు పేరుతోపాటు బాగుచేసిన మెకానిక్కు పేరు, డెంటింగ్ చేసినవాడి పేరు, రంగు వేసినవాడి పేరు రాయాలి. పని మొదలుపెట్టే ముందే కాగితం మీద కూలీ ఖరారు చెయ్యాలి. షెడ్లల్లో పనిచేసే మన పిల్లలు ఏ పని ఏ తేదీన చేశారో నోటుబుక్కులో రాసి, ఓనరుతో సంతకం పెట్టించుకోవాలి. చదువు నేర్పింది ఇందుకే.

మా పిల్లగాడు గోనెసంచి పక్కన గీసుకున్న బొమ్మల పుస్తకం భద్రంగానే ఉంది, ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. వచ్చే ఆదివారం అది పట్టుకుని ఆ పెద్దమనిషి ఇంటికి పోతున్నాం. పట్నం దగ్గర్లో ఉన్న కార్యకర్తలు పొద్దున తొమ్మిదింటికల్లా షెడ్డు దగ్గరికి రండి.