చూపు కొలిచే గీత ఎవరు గీశారు?

స్త్రీల ఆరోగ్యం అనగానే మనకి కాన్పులు, గర్భసంచి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు గుర్తుకొస్తాయి. పిల్లల్ని కనే వయసు దాటిన స్త్రీ ప్రభుత్వ పథకాల్లోంచే కాదు, మన చర్చల్లోంచి కూడా జారిపోతుంది. ముసలితనంలో చూపు ఆనకపోవటం సహజమే కదా అని సరిపెట్టుకుంటాం. కానీ కంట్లో శుక్లం రావటం సహజమైనా, దానివల్ల గుడ్డిదై బతకటం సహజం కాదు. మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చే ఆపరేషన్‌కి పట్టేది కొద్ది నిమిషాలే. అది అందరికీ అందటం లేదంటే కారణాలు కంట్లో లేవు, సమాజంలో ఉన్నాయి.

2020 నాటి అంచనాల ప్రకారం ప్రపంచంలో అంధులు 4 కోట్ల 33 లక్షలమంది. వారిలో నూటికి 55 మంది స్త్రీలు. మన దగ్గర 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ హైదరాబాదు నగరంలోను, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోను 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం 1.84 శాతం అనీ, అందులో 44 శాతం శుక్లాల వల్లేననీ తేల్చింది. అది స్త్రీలలో, పేదల్లో, పల్లెవాసుల్లో ఎక్కువని కూడా చెప్పింది. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు ఏమవుతుందో మనం ఊహించుకోవచ్చు.

ఈ అంకెలు మనకి అవసరమే. అయితే అంకె వెనక ఒక కొలత ఉంటుంది, కొలత వెనక ఒక నిర్ణయం ఉంటుంది. 2017 దాకా మన జాతీయ కార్యక్రమం లెక్కలో 6/60 కన్నా తక్కువ చూపున్నవాళ్ళు అంధులు. అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేదాన్ని 6 మీటర్ల దగ్గరికి వచ్చినా చూడలేనివాళ్ళు. ఆ ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణానికి సరిపోయేలా గీతని 3/60కి జరిపారు. రెండు గీతల మధ్యా ఉన్నవాళ్ళు ఏ ఆపరేషనూ లేకుండానే అంధుల జాబితాలోంచి బయటపడ్డారు. 2015-19 జాతీయ సర్వే చెప్పిన 0.36 శాతాన్ని పాత శాతాల పక్కన పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

భారాన్ని కొలవటంలోనూ ఇదే కథ. ప్రపంచబ్యాంకు 1993 నివేదికతో ప్రచారంలోకి వచ్చిన 'డాలీ' అనే కొలత, జబ్బువల్లా అకాల మరణంవల్లా నష్టపోయిన ఆరోగ్యకరమైన సంవత్సరాలని లెక్కగడుతుంది. మొదట్లో అందులో పాతికేళ్ళ వయసులో గడిపే ఏడాదికి అన్నిటికన్నా ఎక్కువ విలువ, ముసలితనంలో గడిపే ఏడాదికి తక్కువ విలువ. విమర్శల తరువాత 2010 లెక్కల నుంచి ఆ తేడా తీసేశారు. అదే సమయంలో అంధత్వానికి ఇచ్చే బరువు 0.6 నుంచి 0.195కి పడిపోయింది. చూపు లేనివాళ్ళ బతుకు మారి కాదు, అడిగే ప్రశ్న మారి. శరీరానికి కలిగే ఆరోగ్య నష్టాన్ని మాత్రమే చూస్తామన్నారు. మెట్లు, రోడ్డు, పొయ్యి, ఇంట్లోవాళ్ళ విసుగు ఆ లెక్కలోకి రావు.

ఆర్థిక నష్టాన్ని కూలీతో కొలిస్తే ఇంటిచాకిరీ విలువ సున్నా అవుతుంది. బియ్యంలో రాళ్ళు ఏరటం, సూదిలో దారం ఎక్కించటం, మనవరాలి తల దువ్వటం, మందు సీసా గుర్తుపట్టటం అన్నీ దగ్గరి చూపు పనులు. కంటి సర్వేలు ముఖ్యంగా కొలిచేది దూరపు చూపుని. ఇక ఆమె చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు? బడి మానేసిన మనవరాలో, కూలి మానుకున్న కోడలో. ఒకరి చూపు పోతే ఇద్దరు ఆడవాళ్ళ రోజు పోతుంది. ఈ రెండో మనిషికి ఏ పట్టికలోనూ గడి లేదు.

ఆపరేషన్ ఎందుకు చేయించుకోలేదని సర్వేల్లో అడుగుతారు. 'అవసరం లేదనుకున్నాను', 'భయం', 'ఖర్చు', 'తీసుకెళ్ళేవాళ్ళు లేరు' అని జవాబులకి గళ్ళుంటాయి. 'ఈ వయసులో నాకెందుకమ్మా' అన్న ముసలమ్మ జవాబు మొదటి గడిలో పడుతుంది. అది ఆమె అభిప్రాయంగా నమోదవుతుంది. తనమీద డబ్బూ సమయమూ ఖర్చు పెట్టటం దండగని జీవితమంతా ఆమెకి నేర్పింది ఎవరన్న ప్రశ్న నమోదు కాదు. ఉచిత ఆపరేషన్ కూడా ఆమెకి ఉచితం కాదు. తోడు రావటానికి ఒకరు కావాలి, పొయ్యి దగ్గరికి పోకుండా కొన్నాళ్ళు విశ్రాంతి కావాలి.

'ఆపరేషన్లలో సగం స్త్రీలకే చేశాం' అనే మాటతో తృప్తిపడటానికి లేదు. స్త్రీలు ఎక్కువకాలం బతుకుతారు, శుక్లాలు వాళ్ళలోనే ఎక్కువ. కాబట్టి సగం అంటే వాటా తగ్గినట్లే. అవసరమైనవారిలో ఎందరికి ఆపరేషన్ అయింది, అయినవారిలో ఎందరికి మంచి చూపు వచ్చింది అన్నదే అసలు లెక్క. ప్రపంచ ఆరోగ్య సభ 2021లో ఈ కొలతనే లక్ష్యంగా తీసుకుని, 2030 నాటికి 30 శాతం పాయింట్లు పెంచాలంది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 'కంటి వెలుగు' పేరిట లక్షలమందికి పరీక్షలు జరిగాయి. ఎన్ని పరీక్షలు, ఎన్ని కళ్ళజోళ్ళు అనే దగ్గర మనం ఆగకూడదు.

మన సంఘాలు చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. జిల్లా అంధత్వ నివారణ లెక్కల్ని స్త్రీ పురుషులకి, కులానికి, ఒంటరి స్త్రీలకి విడివిడిగా ఇమ్మని అడగాలి. దగ్గరి చూపునీ పరీక్షించమనాలి. ఇంటి పెద్దని కాకుండా ఆ స్త్రీనే, విడిగా అడగాలి. తోడు వచ్చినవారి రోజుకూలిని పథకం ఖర్చులో చేర్చమనాలి. ఆపరేషన్ తరువాత చూపు ఎంత వచ్చిందో మళ్ళీ కొలవమనాలి. ఊళ్ళో అరవై దాటిన స్త్రీలని పలకరించి, ఎవరికి చూపు ఆనటం లేదో రాసుకోవటం ఏ సంఘానికైనా సాధ్యమే. ఆ పట్టికలో గళ్ళు ఏమేమి ఉండాలో ఈసారి మనం నిర్ణయిద్దాం.