గదిలోని తేమకు కొలత మనం పోసే నీరే

మూసిన గదిలో విద్యుద్దీపాల కింద తులసి, నేలవేము పెంచే గృహస్థులు తేమను తీసే యంత్రాన్ని గది వైశాల్యం చూసి కొనుట పొరపాటు. మొక్క గ్రహించిన నీటిలో నూటికి తొంబది పాళ్లకు పైగా ఆకుల ద్వారా ఆవిరియై గదిలోనే చేరును. కావున దినమునకు 5 లీటర్లు పోసినచో దాదాపు అంతే తీయవలెను. యంత్రంపై ముద్రించిన సామర్థ్యం తరచు 30 డిగ్రీల వేడిమి, 80 శాతం తేమ వద్ద కొలిచినది. తేమ 60 శాతానికి తగ్గినప్పుడు అంత నీరు రాదు. అందుచేత రెట్టింపు సామర్థ్యం గలది మేలు. మన ఉష్ణప్రాంతాలకు కంప్రెసరు రకమే తగినది.

తడి నిలిచే భూమిని ఆయుర్వేదం ఆనూపదేశమన్నది. ఓషధులున్న గదిని ఆనూపం కానీయరాదు. బూజు పట్టిన ఆకు ఎండబెట్టినను కషాయానికి పనికిరాదు. పెరట్లో ఎండ గలవారికి మాత్రం ఈ యంత్రమే అనవసరమని నా అభిప్రాయం.